ఓబులమ్మ ఏ దేవుడి పేరు?

ప్రశ్న: మా జేజి పేరు ఓబులమ్మ. అర్థమేమిటి? మా పాపకు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, డోన్

జవాబు: అది మీ నంద్యాల జిల్లాలోని అహోబిలం నరసింహస్వామి పేరమ్మా. అహోబలుడు జనం నోట ఓబులుడయ్యాడు, ఆడపిల్లకు ‘అమ్మ’ చేరింది. ఓబులేసు, ఓబయ్య ఆ ఇంటివాళ్లే. 1846లో ఆంగ్లేయులపై తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నిలిచిన వడ్డె ఓబన్న కూడా.

అర్థం రెండు రకాలుగా చెబుతారు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామిని చూసి దేవతలు ‘అహో బలం’ అన్నారని ఒక కథ, ఆయన వెలసిన గుహను బట్టి ‘అహో బిలం’ అని మరొకటి. ఓబులమ్మలో నాకు బలమే వినిపిస్తుంది. ఉగ్రమూర్తి పేరు పసిపిల్లకా అని సందేహం వద్దు, బేతంచెర్ల వైపు మద్దిలేటి నరసింహుడి పేరున మద్దిలేటమ్మలూ ఉన్నారు. నిక్షేపంగా పెట్టండి. బడిలో పాతగా ఉంటుందనుకుంటే రికార్డులో ‘అహోబల’ అని రాయించి, ఇంట్లో ఓబులమ్మా అని పిలుచుకోండి.