మాజీ సైనికుడి జీవితం రాసేటప్పుడు



సిపాయికి పింఛను రావడానికి 15 ఏళ్ల సర్వీసు ఉంటే చాలు. ఇరవై లోపు మిలిటరీకి పోయిన మనిషి చాలాసార్లు నలభై నిండకుండానే ఊరు చేరతాడు. అతడు 85 ఏళ్లు బతికితే యూనిఫారం వేసుకున్న కాలం అందులో ఐదో వంతు. కర్నూలు, కడప పల్లెల్లో ఇలాంటి పెద్దమనిషి పోయాక కుటుంబం వేయించే సంస్మరణ పుస్తకంలో మాత్రం పేజీలన్నీ యుద్ధానికే పోతాయి. సంసారానికి చివర రెండు వాక్యాలు మిగులుతాయి. రాయడానికి కూర్చునేవాడు ముందుగా సరిచేయవలసింది ఈ తూకాన్నే.

సర్వీసు సంగతులకు మూలాధారం డిశ్చార్జి పుస్తకం. సైనిక నంబరు, చేరిన తేదీ, పనిచేసిన యూనిట్లు, పతకాలు, భార్యాపిల్లల పేర్లు అందులో ఉంటాయి. పతకాలను బట్టి చాలా తెలుస్తుంది. సమర సేవా స్టార్ 1965 యుద్ధానిది. 1971లో పశ్చిమ రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్, తూర్పున ఉన్నవారికి పూర్వీ స్టార్ ఇచ్చారు. ఆ రోజుల్లో ఇంటికొచ్చిన ఉత్తరాల మీద అతడున్న ఊరి పేరు ఉండదు, 56 ఎ.పి.ఒ. (సైనిక తపాలా కార్యాలయం) అనో 99 ఎ.పి.ఒ. అనో ఉంటుంది. కాబట్టి ఉత్తరం తేదీని యూనిట్ వివరాలతో పోల్చి చూసుకోవాలి. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఆ యుద్ధంలో ఉన్న ప్రతి సైనికుణ్ణీ ఢాకాలో నిలబెట్టి రాయడం పెద్ద తప్పు. లారీ నడిపినవాడు, వంతెన వేసినవాడు, తుపాకులు బాగుచేసినవాడు చేసిన పనిని ఉన్నదున్నట్టు రాస్తేనే అతనికి గౌరవం.

కాగితాలు అన్ని ఇళ్లలోనూ మిగలలేదు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు పల్లెల మీద పడింది. ట్రంకుపెట్టెలు అలా పోయిన ఇళ్లవారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు రాసుకోవాలి. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్లది బెంగళూరులో, ఫిరంగి దళానిది నాసిక్ రోడ్‌లో, యంత్రాల మరమ్మతు దళమైన ఇ.ఎం.ఇ.ది సికింద్రాబాదులో ఉంది. సైన్యం కాగితాల్లో ఉండేది చేరిన నాటి చిరునామా, తర్వాత కొన్ని ఊళ్ల జిల్లాలు మారాయి. 1970 దాకా గిద్దలూరు కర్నూలు జిల్లాలోనిది. నంద్యాల 2022లో వేరే జిల్లా అయింది. కృష్ణ ఒడ్డు పల్లెలు కొన్ని శ్రీశైలం జలాశయం కింద మునిగి అసలు లేకుండానే పోయాయి. పాత పేరు, కొత్త పేరు రెండూ రాయాలి.

ఇక అసలు భాగం ఇల్లు. వాన అదనుకు పడితే పంట, లేకపోతే అప్పు అన్నట్టుండే మెట్ట సేద్యం మీద అన్నదమ్ములంతా బతకలేకనే ఒకడు మిలిటరీకి పోయేవాడు. అతడు పంపిన మనియార్డరు ఏ అప్పు తీర్చింది, ఏ బావి తవ్వించింది, ఏ చెల్లెలి పెండ్లి చేసింది అని ఒక్కొక్కటీ విచారించాలి. ఏడాదికి రెండు నెలల సెలవు విత్తనాల వేళకు దొరికిందా, దొరకని ఏడు గొర్రు పట్టిందెవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఎక్కువగా భార్యే. కరువేళ పశువులకు మేత, అత్తమామల మందులు, పిల్లల బడి, షావుకారు దగ్గర మాట నిలుపుకోవడం, అన్నీ ఆమె చేతుల మీదుగా జరిగినవే. ఆమె పేరు లేకుండా ఈ జీవితం రాస్తే సగం కూడా కాదు.

తిరిగొచ్చాక చేసిన రెండో కొలువుకు ప్రత్యేకంగా చోటివ్వాలి. బ్యాంకు కాపలా కావచ్చు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ కావచ్చు, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం కావచ్చు. ఆడపిల్లలను కాలేజీకి పంపిన జీతం చాలా ఇళ్లలో అక్కడిదే. తెల్లవారకముందే లేవడం, పైసా పైసాకు లెక్క రాయడం వంటి అలవాట్లతో పాటు ముక్కోపం, మాట పట్టింపు ఉంటే అవీ రాయాలి. ఆ మనిషిని ఎరిగినవాళ్లు గుర్తుపట్టేది అలాగే.

రాసినదాన్ని అచ్చుకు ఇచ్చే ముందు అతని భార్య బతికి ఉంటే ఆమెకు మొత్తం చదివి వినిపించాలి. తేదీలు కాగితాల నుంచి దొరుకుతాయి. ఎవరి పెండ్లి ముందు, ఏ కరువు తర్వాత అన్న వరుసను మాత్రం ఆమె మాట ప్రకారమే దిద్దాలి.