రెండు దారుల్లో ఒకటి మూసేశాక

ఎంఐటీ వాళ్లు పాఠం చెప్పడానికి రాసిన ఎక్స్‌వీ6 కెర్నెల్‌లో, ఎక్స్86 వెర్షన్ తెరిస్తే పిక్‌ఇనిట్ అనే ఫంక్షన్ కనిపిస్తుంది. అందులో పని చేసేవి రెండే లైన్లు. ఒకప్పుడు ఆ ఫైలు ఇంత చిన్నది కాదు. అది ఎలా చిక్కిందో చూస్తే కోడ్ తగ్గించడం అంటే ఏంటో నాకు బాగా అర్థమైంది.

కీబోర్డు నేరుగా సీపీయూని పిలవదు. మధ్యలో ఇంటరప్ట్ కంట్రోలర్ ఉంటుంది. ఏ లైను మోగింది, ఏ నంబరుతో, ఎవరికి చెప్పాలి అన్నది అది చూస్తుంది. 1981 ఐబీఎం పీసీలో ఈ పనికి 8 లైన్ల 8259 చిప్ ఉండేది. 1984లో పీసీ ఏటీకి ఇంకో 8259 తగిలించారు. దాన్ని మొదటిదాని ఒక లైనుకే కట్టారు కాబట్టి పరికరాలకి మిగిలినవి 15. అదంతా ఒకే సీపీయూ ఉన్న కాలం. సీపీయూలు పెరిగాక ఐఓ ఏపిక్ వచ్చింది. ఏ ఇంటరప్ట్ ఏ సీపీయూకి పోవాలో దాని పట్టికలో రాసుకోవచ్చు.

పాత ఎక్స్‌వీ6 ఈ రెండిటినీ మోసింది. కీబోర్డుకైనా డిస్కుకైనా డ్రైవర్ రెండు పిలుపులు చేయాలి: ఒకటి 8259కి, ఒకటి ఐఓ ఏపిక్‌కి. మల్టీప్రాసెసర్ కాకపోతే రెండోది ఏమీ చేయకుండా వెనక్కి వచ్చేస్తుంది. టైమర్‌కీ ఇదే తంతు, పాత టైమర్ చిప్ కోసం వేరే ఫైలు. కానీ మేక్‌ఫైల్ మామూలుగా 2 సీపీయూలతో నడుపుతుంది, కాబట్టి 8259 దారిలో ఎవరూ నడవరు. అక్కడ బగ్ ఉన్నా ఎవరికి తెలుస్తుంది చెప్పండి?

మనలో చాలామంది ఇక్కడ ఫంక్షన్ పాయింటర్లతో ఒక "కామన్ ఇంటర్‌ఫేస్" కట్టేస్తాం. చూడ్డానికి బాగుంటుంది, కోడ్ మాత్రం తగ్గదు, చోటు మారుతుందంతే. ఎక్స్‌వీ6 వాళ్లు ఒక్క నిర్ణయం తీసుకున్నారు: మల్టీప్రాసెసర్ పట్టిక లేని మెషీన్‌లో మేం నడవం. పట్టిక దొరక్కపోతే బూట్‌లోనే పానిక్. దాంతో డ్రైవర్లలో ఒక పిలుపు, టైమర్ ఫైలు, మాస్క్ లెక్కలు అన్నీ పోయాయి. పాత మెషీన్లూ పోయాయి. పాఠం చెప్పే కెర్నెల్‌కి ఆ బేరం లాభమే అంటాను. లినక్స్ అయితే అలా కుదరదు.

మరి ఆ రెండు లైన్లు ఎందుకు మిగిలాయి? వాడకపోయినా చిప్ అక్కడే ఉంటుంది. బయాస్ దాన్ని 8వ నంబరు నుంచి మొదలుపెట్టి వదిలేస్తుంది. ప్రొటెక్టెడ్ మోడ్‌లో 8 అంటే డబుల్ ఫాల్ట్. అంటే ఒక టైమర్ టిక్ లోపలికి జారినా కెర్నెల్‌కి అది ఘోర ప్రమాదంలా కనిపిస్తుంది. అందుకే రెండు చిప్‌లకీ 0ఎక్స్ఎఫ్ఎఫ్ రాసి నోరు మూయిస్తారు. లోకల్ ఏపిక్ దగ్గర కూడా ఆ లైను మూసేస్తారు కాబట్టి, ఈ రెండు లైన్లు తీసినా మీ ఎమ్యులేటర్‌లో తేడా కనిపించకపోవచ్చు. నేనైతే తీయను.

తీయదగ్గది ఇంకోటుంది. ట్రాప్ ఫైల్లో 32కి 7 కలిపిన నంబరుకి ఒక కేసు ఉంది, 8259 పంపే ఉత్తుత్తి ఇంటరప్ట్ కోసం. ఆ చిప్‌ని 32కి మార్చే కోడే పోయాక ఆ కేసు ఎవరికోసం? ల్యాబ్‌లో దాన్ని కామెంట్ చేసి నడిపి చూడండి.