పెద్ద పండుగ – ఎదిగిన పిల్లలు

పండుగ అనగానే తిథి, వారం, నక్షత్రం స్ఫురిస్తాయి. అయితే ఇంటికి పండుగ కళను తెచ్చేది పంచాంగం ఒక్కటే కాదు. ఆ ఇంట మసలే మనుషులు కూడా. ఒకే సంక్రాంతి పసిపిల్లలున్న ఇంట ఒక విధంగా, పెళ్ళీడు పిల్లలున్న ఇంట మరొక విధంగా, వృద్ధ దంపతులు మాత్రమే మిగిలిన ఇంట ఇంకొక విధంగా జరుగుతుంది. పిల్లలు ఎదిగే కొద్దీ కొన్ని ఆచారాలు ఇంటి నుంచి సెలవు తీసుకుంటాయి. కొన్ని కొత్తగా వచ్చి చేరుతాయి. ఈ మార్పును ఎలా స్వీకరించాలన్నది నేడు అనేక కుటుంబాల ముందున్న ప్రశ్న.

తెలుగువారు ‘పెద్ద పండుగ’ అని పిలుచుకునే సంక్రాంతినే పరిశీలిద్దాం. భోగి, సంక్రాంతి, కనుమ అనే మూడు రోజులలో ప్రతి వయస్సుకూ ఒక స్థానం ఉంది. భోగి నాటి సాయంకాలం పసిబిడ్డను పీటపై కూర్చుండబెట్టి రేగుపళ్ళు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి తలపై పోస్తారు. దిష్టి తొలగుతుందని పెద్దల నమ్మకం. బడికి వెళ్ళే పిల్లలు భోగిమంట కోసం పిడకల దండలు గుచ్చుతారు. కన్నెపిల్లలు ముగ్గుల నడుమ గొబ్బెమ్మలను నిలిపి గుమ్మడిపూలతో, బంతిపూలతో అలంకరిస్తారు. కొత్తగా పెళ్ళయిన కూతురూ అల్లుడూ అతిథులై వస్తారు. ఇంటి పెద్ద పితృదేవతలకు తర్పణం విడుస్తాడు. కనుమ నాడు రైతు తన పశువులను కడిగి, అలంకరించి పూజిస్తాడు.

కాబట్టి సంక్రాంతి ఏ ఒక్క వయస్సు వారి పండుగ కాదు. మనిషి ఒక స్థానం నుంచి మరొక స్థానానికి క్రమంగా జరిగే సోపానపంక్తి వంటిది. నేడు తలపై రేగుపళ్ళు పోయించుకున్న శిశువు కొన్నేండ్లకు పిడకల దండ మోస్తాడు. ఒకనాడు తన బిడ్డను అదే పీటపై కూర్చుండబెడతాడు. తరువాత తర్పణం విడుస్తాడు. చివరకు ఆ తర్పణంలో తానే ఒక పేరై నిలుస్తాడు. బతుకమ్మ పండుగలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. తల్లి పక్కన కూర్చుని తంగేడు, గునుగు పూలు అందించిన పిల్ల, తరువాత తానే బతుకమ్మను పేరుస్తుంది; అత్తవారింటి నుంచి ఆడబిడ్డగా పుట్టింటికి వస్తుంది. అనగా పిల్లలు ఎదగడం పండుగకు విఘాతం కాదు. పండుగ నడిచేదే ఆ ఎదుగుదల మీద.

మరి నేటి ఇండ్లలో వెలితి ఎక్కడ ఏర్పడింది? పూర్వం ఈ మెట్ల మధ్య ఎడం తక్కువ. వివాహాలు చిన్న వయస్సులో జరిగేవి. ఉమ్మడి కుటుంబంలో ఒక బిడ్డ ఎదిగేసరికి మరొక బిడ్డ పీట ఎక్కేది. నేడు ఎందరో పిల్లలు పదవ తరగతి ముగియగానే వసతి గృహాలకు చేరుతున్నారు. ఆపై ఉన్నత విద్య, ఉద్యోగం, కొందరికి విదేశవాసం. బాల్యపు పాత్ర ముగిసిన తరువాత గృహస్థుని పాత్ర చేపట్టే వరకు పది పదిహేనేండ్లు ఇంటికి దూరంగా గడుస్తాయి. ఆ నడిమి కాలంలో ఇంట పసిబిడ్డ ఉండదు, మనుమలూ ఉండరు. అటకమీది బొమ్మల పెట్టె దించే చేతులు కరువవుతాయి.

ఆ కాలంలో ఇరువైపులా అపార్థాలు పుడతాయి. “కనుమ నాడు కాకి కూడా కదలదు” అని సామెత. నేడు కనుమ సాయంత్రానికే బస్సులు, రైళ్ళు తిరుగు ప్రయాణికులతో కిటకిటలాడుతున్నాయి. సెలవు ముగిసి బయలుదేరిన కుమారునికి పండుగపై ప్రేమ లేదని తల్లి నొచ్చుకుంటుంది. తన ఇబ్బంది ఇంట్లో వారికి అర్థం కాదని కుమారుడు మౌనం వహిస్తాడు. పాత పద్ధతి అణుమాత్రం మారరాదని పెద్దలు పట్టుబట్టినా, ఇల్లు కేవలం విశ్రాంతి స్థలమని పిల్లలు భావించినా ఆ పండుగలో ఆనందం మిగలదు.

నిజానికి మార్పు పండుగకు కొత్త కాదు. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే దినం సంక్రాంతి. సుమారు 1700 సంవత్సరాల క్రితం ఆ దినమూ, సూర్యుడు ఉత్తర దిశకు మరలే దినమూ దాదాపు ఒక్కటిగా ఉండేవి. భూమి అక్షం అతి నెమ్మదిగా దిశ మార్చుకుంటున్నందువల్ల నేడు ఆ మరలిక డిసెంబరు 21 లేక 22న జరుగుతుండగా, సంక్రాంతి జనవరి 14 లేక 15న వస్తున్నది. ఆకాశంలోని గుర్తే జరిగిపోయినా పండుగ నిలిచింది. 2020 మార్చి 25న ఉగాది నాడే దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. రాకపోకలు ఆగినా, ఉన్నచోటనే ఉన్నవాటితో పచ్చడి కలుపుకొని, ఫోనులో ఒకరినొకరు చూసుకొని పండుగ జరుపుకున్న కుటుంబాలు ఎన్నో. విదేశాలలోని తెలుగువారు వారాంతంలో ఒకచోట చేరి సంక్రాంతి చేసుకోవడమూ ఇటువంటిదే.

అయితే రూపం మారవచ్చునన్న మాటను సాకుగా తీసుకొని సారాన్ని విడవరాదు. సంక్రాంతికి సారం పంచుకోవడం. ఇంటికి చేరిన పంటలో హరిదాసుకు, గంగిరెద్దులవానికి, పొలంలో శ్రమించిన కూలీకి భాగం పెట్టిన పండుగ ఇది. ఇంటి పిల్లలు ఎదిగిపోతే ఇరుగుపొరుగు పిల్లలను పిలిచి భోగిపళ్ళు పోయవచ్చు. పేరంటం ఆచారంలోనే అందుకు చోటుంది. పీట ఖాళీగా ఉండవలసిన పని లేదు.

పండుగలో మరొకటి కూడా ఉంది: అది చేతి విద్య. బెల్లపు పాకం నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కట్టే అదను చూసి తడి బియ్యప్పిండి కలిపితేనే అరిసెలు కుదురుతాయి. ఆ అదను తల్లి పక్కన నిలిచి చూసినవారికే బాగా పట్టుబడుతుంది. చుక్కల ముగ్గు, తర్పణవిధి, తాతముత్తాతల పేర్లు కూడా అంతే. నడిమి కాలంలో వీటిని నేర్వనివారు గృహస్థులైన నాడు తమ బిడ్డలకు ఏమి అందించగలరు? పెద్దలు తామే అన్నీ చేసిపెట్టడం మాని పిల్లలకు పనులు అప్పగించాలి. పిల్లలు రెండు రోజులకే వచ్చినా ఒక పనిని తమదిగా చేసుకోవాలి.

జూనియర్ కళాశాల విద్యార్థులు ఈ నడిమి కాలపు వాకిట నిలిచి ఉన్నారు. పండుగను అందుకునే వయస్సు దాటింది. అందించే వయస్సు ఇంకా రాలేదు. ఇది నేర్చుకునే వయస్సు. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినవారు పొయ్యి దగ్గర కొంతసేపు నిలబడితే, తాతను నాలుగు పేర్లు అడిగి వ్రాసుకుంటే, ఆ పండుగ వారి వెంట ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది.