ఆటకు జీతం ఎంత? తులసీదాస్ బలరాం చెప్పే లెక్క

'ప్రొఫెషనల్' అన్న మాట ప్లేస్‌మెంట్ క్లాసుల్లో రోజూ వింటాం. ఆటలో దాని అర్థం సూటిగా ఉంటుంది: ఆడినందుకు డబ్బు తీసుకునేవాడు. ఇంత చిన్న విషయం మీదే 1895లో ఇంగ్లండ్ రగ్బీ రెండుగా చీలింది. ఉత్తరాది క్లబ్బుల్లో ఆడేవాళ్లు చాలామంది గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. మ్యాచ్ కోసం పని మానితే ఆ పూట కూలి పోతుంది. ఆ నష్టం కట్టిస్తామని క్లబ్బులంటే, రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో ఆ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో కూర్చొని విడిపోయాయి. అదే తర్వాత రగ్బీ లీగ్ అయింది. 1950లలో కూడా అక్కడి ఆటగాళ్లలో చాలామంది వారమంతా వేరే పనిచేసి, వారాంతంలో డబ్బులకు ఆడేవాళ్లు.

మరి అదే కాలంలో మన దగ్గర? ఇక్కడ ఫుట్‌బాల్ కాగితం మీద అమెచ్యూర్ ఆటే. పోలీసు శాఖ, రైల్వే ఇచ్చే ఉద్యోగమే ఆటగాడికి ఆసరా. ఆ రోజుల్లో సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశమంతా పేరు తెచ్చుకుంది.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం రహీం కంట్లో పడ్డాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న మన జట్టులో ఉన్నాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆడాడు. అదే ఏడు అర్జున అవార్డు వచ్చింది.

1963లో రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారాడు. అప్పుడే ఊపిరితిత్తుల పొరకు వచ్చే ప్లూరసీ జబ్బు ఆటను ఆపేసింది. వయసు 27 దగ్గర. బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు.

ఇక్కడ ఒక్క లెక్క చూడండి. పెద్ద స్థాయిలో ఆడింది ఏడెనిమిదేళ్లు. ఆట ఆగినంక బతికింది దాదాపు 60 ఏళ్లు.

మా పెద్దవంగర దిక్కు కబడ్డీ మంచిగా ఆడే పిల్లల్ని ఇంట్లో అడిగే ప్రశ్న ఒకటే: "ఆట అన్నం పెడ్తదా బిడ్డా?" ప్రో కబడ్డీ వేలం వచ్చాక 'పెడ్తది' అనడం తేలికైంది. కానీ నాకు ఆ ప్రశ్న సగమే అనిపిస్తది. ఇంగ్లండ్ క్లబ్బులు పోయిన పూట కూలిని లెక్కగట్టాయి. ఆట అయిపోయాక మిగిలే ఏళ్లను ఎవరు లెక్కగట్టాలి?

స్పోర్ట్స్ కోటాలో వచ్చిన మన దోస్తులకు నేను చెప్పేది ఇదే: ఏ ఒప్పందం మీద సంతకం పెట్టినా జీతం ఒక్కటే చూడొద్దు. దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, ఆట ఆగితే ఉద్యోగం ఉంటదా, ఈ రెండూ అడగండి. డిగ్రీ పట్టా మాత్రం వదలొద్దు.