కులం గడి నింపే ముందు

తెనాలిలో అప్పు ఇస్తామనే యాప్ అయినా, రేపల్లెలో ట్యాబ్ పట్టుకుని గుమ్మం ముందు నిలబడే సర్వే మనిషి అయినా అడిగేవి దాదాపు ఒకటే: పేరు, వయసు, కులం, మతం, వైకల్యం, ఆదాయం. అందరికీ పనికొచ్చే సేవ తయారు చేయాలంటే ఇవన్నీ తెలియాలంటారు. అందులో నిజముంది. ఎవరికి అందడం లేదో లెక్క తీయకపోతే అందనివాళ్లు ఎప్పటికీ కనబడరు. బ్యాంకు కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు ఏం చేయగలరు? అలాంటి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్ వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని చెప్పి, యాప్‌ల తయారీలోనే చూపు లేనివారిని పరీక్షకు పిలవాలని ఆదేశించింది. వలలు లాగి, నాట్లు వేసి వేలిముద్రలు అరిగిన బాపట్ల, నిజాంపట్నం మనుషుల సంగతీ ఇలాగే లెక్కలోకి రావాలి. అయితే ఎంతమందికి అందలేదో తేల్చడానికి లెక్క చాలు, పేర్లు అక్కర్లేదు. కులం గడి పక్కన ఫోన్ నంబరు, ఆధార్ అడిగారంటే ఆ వివరం న్యాయం కోసమేనా అని నిలదీసే హక్కు మనకుంది.

అలా ఇచ్చిన వివరాలు బయటపడతాయన్నది ఊహించుకున్న భయం కాదు. 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలతో పాటు కులం, మతం కూడా బయటికి కనిపించాయి. ఇక చట్టం సంగతి. సమాచార సాంకేతిక చట్టం కింద 2011లో వచ్చిన నియమాల్లో ఆరోగ్యం, వేలిముద్రలు సున్నిత సమాచారం. కులం ఆ జాబితాలో లేదు. 2019 నాటి వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు కులాన్ని, మతాన్ని ఆ కోవలో చేర్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ విభాగాన్నే తీసేసింది. ఇది లోపమేనని నా అభిప్రాయం. అయినా ఆ చట్టం 6వ సెక్షన్ గట్టిది: సమ్మతి స్వేచ్ఛగా, షరతు లేకుండా ఇవ్వాలి, చెప్పిన పనికి అవసరమైనంత వివరానికే అది చెల్లుతుంది. ఫోన్‌లో వైద్య సలహా ఇచ్చే యాప్‌కు మీ కాంటాక్టులతో పని లేదని చట్టమే ఉదాహరణగా చెప్పింది. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ 6వ సెక్షన్‌తో సహా కంపెనీల ప్రధాన బాధ్యతలు, మన హక్కులు మాత్రం ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి.

'మా కులం ఊరందరికీ తెలిసిందేగా, దాచేదేముంది' అనేవాళ్లు చాలామంది. ఊరికి తెలియడం వేరు, లక్షల పేర్లను కులం వారీగా, ఫోన్ నంబర్లతో సహా క్షణంలో విడదీయగల జాబితా ఎవరి చేతిలోనో ఉండడం వేరు. కులం చెప్పకపోతే రిజర్వేషన్, పథకం ఎలా వస్తాయన్నది ఇంకో అభ్యంతరం. అర్హత రుజువుకు ధ్రువపత్రం చూపాల్సిందే. రాయితీలు, సేవల కోసం ప్రభుత్వం కొన్ని సందర్భాల్లో విడిగా సమ్మతి తీసుకోకుండానే వివరాలు వాడుకునే వీలు 2023 చట్టం 7వ సెక్షన్‌లో ఉంది. జనగణనలోనూ జవాబివ్వక తప్పదు, కానీ 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ఆ రికార్డులను ఎవరూ తనిఖీ చేయకుండా కాపాడుతుంది. ప్రైవేటు యాప్ సర్వేకు ఆ నిర్బంధమూ లేదు, ఆ రక్షణా లేదు.

కాబట్టి నింపే ముందు అడగండి: ఎవరు తీసుకుంటున్నారు, దేనికి, ఎన్నాళ్లు ఉంచుతారు, 'చెప్పను' అంటే సేవ ఆగుతుందా? 2023 చట్టం నిబంధనలు అమల్లోకి వచ్చాక, ఏ వివరం దేనికి తీసుకుంటున్నారో తెలుగులో తెలుసుకునే వీలు, ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే హక్కు, తప్పులు దిద్దించుకునే హక్కు ఉంటాయి. అడిగిన తెరను ఫొటో తీసి ఉంచుకోండి. సందేహముంటే కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీని కలవండి, లేదా న్యాయసాయం కోసం 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సాయం ఉచితం.