కనుబొమల పచ్చబొట్టు: సరిచేయించుకునే ముందు రాయించుకోండి

ఈ ఏడాది వకీలుగా నా బల్ల ముందుకు వచ్చిన కనుబొమల కేసుల్లో మొన్నటిది నాలుగోది. నలుగురూ ఆడవాళ్ళే. నలుగురూ కొంగో చున్నీయో నుదుటి మీదికి లాక్కునే లోపలికి వచ్చారు. నలుగురిదీ ఒకటే పొరపాటు. జరిగిన నష్టానికి వాళ్ళ ముఖమే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని నా దగ్గరికి రాకముందే, సరిచేయించుకోబోయి పోగొట్టుకున్నారు.

అందుకని అసలు మాట మొదటే చెబుతాను. కనుబొమల మీద వేయించుకున్న రంగు కుదరలేదనిపిస్తే, మళ్ళీ అదే పార్లరు కుర్చీలో కూర్చోకముందే, లేజరు క్లినిక్ మెట్లెక్కకముందే, చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాయించుకోండి. ఈ మాట ఇంకా రెండు మూడుసార్లు చెబుతాను, విసుక్కోకండి.

మొన్న వచ్చినావిడ ప్రభుత్వ బడిలో టీచరు. నలభై దాటాయి. థైరాయిడ్ వల్ల కనుబొమల చివర్లు రాలిపోయాయి. రోజూ పొద్దున్నే పెన్సిలుతో దిద్దుకోవడం, మధ్యాహ్నానికి చెమటకు అది చెదిరిపోవడం, పిల్లలు గమనిస్తారేమోనని రోజంతా బెంగ. ఆ బాధ చిన్నదని ఎవరూ అనుకోవద్దు. అక్క కూతురి పెళ్ళి పది రోజులుందనగా ఊళ్ళో పార్లరులో మైక్రోబ్లేడింగ్ చేయించుకుంది. 15,000 రూపాయలు, పార్లరామె సొంత నంబరుకు యూపీఐలో కట్టింది. బిల్లు అడగలేదు. కుర్చీలోంచి లేవకముందే పార్లరామె అద్దం చేతికిచ్చి, ఫొటో తీసి, ‘మంచి రివ్యూ పెట్టండి అక్కా’ అంది. ఈవిడ ‘చాలా బాగా వచ్చాయి, థాంక్యూ’ అని పెట్టేసింది.

రెండు నెలలకు తేలింది, ఎడమ కనుబొమ కుడిదానికంటే పైకి ఉందని. రంగు నీలం కలిసిన బూడిదలా మారింది. వెళ్ళి అడిగితే ‘టచప్ ఫ్రీగా చేస్తాం రండక్కా’ అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు చేశారు. ప్రతిసారీ వంకర సర్దడానికి ఇంకాస్త వెడల్పు, ఇంకాస్త లోతు. చివరికి హైదరాబాద్ వెళ్ళి ఒక క్లినిక్‌లో లేజరు కొట్టించుకుంటే, పోవాల్సిన రంగు కొన్నిచోట్ల ఇంకా నల్లబడింది. అప్పుడు వచ్చింది నా దగ్గరికి.

మేం నోటీసు ఇచ్చాం, కేసు వేశాం. పార్లరు తరఫు వకీలు జవాబు రెండు ముక్కలే. మా పని బాగుందని ఆమే రాసిచ్చింది, పాడుచేసింది లేజరువాళ్ళు. ఆ థాంక్యూ మెసేజ్ ఇప్పుడు ఎగ్జిబిట్ బి-1. మా వైపున ఉన్నది డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, ఒకదాని మీద ఒకటి నాలుగుసార్లు జరిగిన పని మిగిల్చిన ముఖం. మొదటి పార్లరు పెట్టిన వంకర ఎంత, రంగు ఏమిటి, చెప్పే కాగితం ఒక్కటీ లేదు. టచప్‌కు వెళ్ళేముందు ఒక్క ఓపీ చీటీ ఉండి ఉంటే ఈ కేసు తీరే వేరు.

ఏది మామూలు, ఏది లోపం అన్నది తెలియకపోవడం వల్లే సగం చిక్కు. మన పట్టణాల్లో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నవి రెండు రకాలు. సన్నటి సూదులు వరసగా పేర్చిన చిన్న పిడితో వెంట్రుకల్లా గీతలు గీసి రంగు దించేది మైక్రోబ్లేడింగ్. మెషీనుతో చుక్కలు చుక్కలుగా నింపేది పౌడర్ బ్రోస్. పేరేదైనా రెండూ పచ్చబొట్టే. రంగు పైచర్మం దాటి కింది పొరలోకి వెళుతుంది. అంటే అది గాయం, దానికి మానే వరస ఒకటుంటుంది. మొదటి రెండు మూడు రోజులు అనుకున్నదానికంటే ముదురుగా, కాస్త వాపుతో ఉంటుంది. నాలుగో రోజు నుంచి పక్కులు కట్టి దురద పెడుతుంది, గోకకూడదు. పది పన్నెండు రోజులకు పక్కులు రాలి, రంగంతా పోయినట్టు వెలవెలబోతుంది. నెల, నెలన్నరకు గానీ అసలు రంగు తేలదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒక టచప్ పెడతారు. ఏడాది నుంచి మూడేళ్ళలో మెల్లగా వెలిసిపోతుంది. జిడ్డు చర్మం మీద గీతలు తొందరగా అలుక్కుపోతాయి. ‘పర్మనెంట్’ అని బోర్డు రాసినా, ‘నొప్పే ఉండదు’ అని వీడియో పెట్టినా అవి తప్పుదోవ పట్టించే ప్రకటనలే.

ఐదో రోజున ఫోన్ చేసి ‘మోసపోయాను మేడం, నోటీసు పంపండి’ అనేవాళ్ళున్నారు. పక్కులు రాలకముందు వంకరను ఏ డాక్టరూ కొలవలేడు, ఏ వినియోగదారుల కమిషనూ నమ్మదు. కానీ చీము, జ్వరం, కన్ను మూసుకుపోయేంత వాపు ఉంటే మాత్రం ఒక్క గంట ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. వైద్యానికే ముందు చోటు. ఆ రోజు డాక్టరు రాసిన కేస్ షీటే తర్వాత సాక్ష్యమవుతుంది. పూర్తిగా మానాక కూడా రెండు కనుబొమలూ ఎత్తు తేడాగా ఉన్నా, రంగు నీలంగానో ఎర్రగానో తిరిగినా, చేతికి గరుకుగా తగిలే బొడిపెలు లేచినా అది చూపించాల్సిన విషయం. నల్లరంగు లోతుగా దిగితే నీలంగా కనిపిస్తుంది, అంటే సూది వెళ్ళాల్సినదానికంటే లోపలికి వెళ్ళిందన్నమాట. ఇలాంటివి డాక్టరు రాస్తేనే విలువ, నేను వాదిస్తే కాదు.

ఇంకొక మాట. కనుబొమలు ఎందుకు పల్చబడ్డాయో తెలుసుకోకుండా దాని మీద రంగు వేయించుకోకండి. థైరాయిడ్ లోపం, పేనుకొరుకుడు, ఏళ్ళ తరబడి త్రెడ్డింగ్ ఇవన్నీ కారణాలే. కుష్ఠు వ్యాధిలో కూడా కనుబొమలు రాలతాయి, తొలిదశలో పట్టుకుంటే అది పూర్తిగా నయమయ్యే జబ్బు. రంగు కింద దాన్ని కప్పేస్తే ఎవరికి నష్టం? దెబ్బ తగిలితే మచ్చ గడ్డలా ఉబికే చర్మమున్నవాళ్ళు, షుగరు అదుపులో లేనివాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు దీని జోలికి వెళ్ళకూడదు. ఈ ప్రశ్నలు ఒక్కటీ అడగకుండా సూది పట్టుకున్న పార్లరు మీద, ఆ అడగకపోవడాన్నే సేవాలోపంగా మేం చూపించవచ్చు.

ఇక చట్టం. పార్లరు సేవ డబ్బుకు కొన్న సేవ కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు వినియోగదారు. మీరు ఉండే జిల్లాలోనే కమిషన్‌కు వెళ్ళవచ్చు, పార్లరు ఏ ఊళ్ళో ఉన్నా సరే. చెల్లించినది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు, హెల్ప్‌లైన్ 1915. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. గడువు రెండేళ్ళు. ‘మళ్ళీ టచప్ చేస్తాం, ఈసారి తప్పకుండా కుదురుతుంది’ అంటూ పార్లర్లు ఈ రెండేళ్ళలో ఏడాదిన్నర తినేస్తున్నాయి.

ఉచితంగా చేస్తామంటే మురిసిపోయేవాళ్ళకు ఒక హెచ్చరిక. శిక్షణ అకాడమీలు ‘మోడల్స్ కావాలి, ఫ్రీగా చేస్తాం’ అని పిలుస్తున్నాయి. నేర్చుకునే పిల్లలు మీ ముఖం మీద చేయి తిప్పుతారు. డబ్బు తీసుకోని సేవ ఈ చట్టం పరిధిలోకే రాదు. ఏదైనా జరిగితే వినియోగదారుల కమిషన్ తలుపు మీకు మూసే ఉంటుంది.

నష్టపరిహారం సంగతికి వస్తే, ఢిల్లీలో ఒక మోడల్ జుట్టు తప్పుగా కత్తిరించినందుకు 2021లో జాతీయ కమిషన్ 2 కోట్లు ఇచ్చిందన్న వార్త అందరికీ గుర్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ అదే చెబుతారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ 2 కోట్ల ఉత్తర్వును పక్కన పెట్టి, పరిహారం అడిగినంత మాత్రాన రాదు, ఆధారం మీద లెక్క తేలాలి అని కేసును వెనక్కి పంపింది. ఆ కేసు ఆ తర్వాత కూడా నడిచింది. మనం పట్టుకోవాల్సింది ఆధారం అన్న మాట. మరో పక్క 2010లో మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక వైద్య నిర్లక్ష్యం కేసులో, మలేరియాకు టైఫాయిడ్ మందులిచ్చిన ఉదంతం అది, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదు, తప్పు కళ్ళెదుట కనిపిస్తుంటే అదే చాలు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు మనకు పెద్ద అండ. కానీ కళ్ళెదుట కనిపించాల్సిన తప్పును మీరే టచప్‌తో, లేజరుతో మార్చేసుకుని వస్తే, ఆ తీర్పు పట్టుకుని నేను చూపించేదేముంది?

లేజరుకు తొందరపడొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కనుబొమల రంగుల్లో వాడే ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లేజరు తగిలితే నల్లబడవచ్చు. టీచరమ్మకు జరిగింది ఇదే.

డాక్టరు దగ్గర రాయించుకోవడం తేలికని నేననడం లేదు. ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగం ముందు క్యూలో రెండు గంటలు నిలబడితే, లోపల రెండు నిమిషాల్లో ‘కనుబొమ టాటూ, ఆయింట్‌మెంట్’ అని ఒక్క లైను రాసి పంపేస్తారు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఆ ఒక్క లైనుతో ఒక మనిషి హక్కు నిలబడాలి. ఇవి రాయమని మీరు వినయంగానే అడగండి. తేదీ, ఏ వైపు, రెండింటి మధ్య ఎన్ని మిల్లీమీటర్ల తేడా, రంగు ఏమిటి, వాపో బొడిపెలో ఉన్నాయా, ఎప్పుడు ఎక్కడ చేయించుకున్నానని చెప్పారు, అప్పటికి ఇంకే చికిత్సా జరగలేదన్న సంగతి. ఇవన్నీ కలిపినా నాలుగు లైన్లే. పక్కన స్కేలు పెట్టి, వెలుతురులో, ఫిల్టరు లేకుండా ఫొటోలు తీయించుకోండి.

పోలీస్ స్టేషన్‌కు వెళితే ‘ఇది సివిల్ మేటరమ్మా’ అంటారు. ప్రతిసారీ అది నిజం కాదు. భారతీయ న్యాయ సంహితలో ముఖం శాశ్వతంగా వికృతం కావడం తీవ్ర గాయం కిందికి వస్తుంది. నిర్లక్ష్యంగా అలా చేస్తే 125వ సెక్షన్ ఉంది. అక్కడా అడిగే మొదటి కాగితం డాక్టరుదే. ఇక ట్రేడ్ లైసెన్సు ఫీజు వసూలుకు ఏటా వచ్చే మున్సిపల్ సిబ్బంది, లోపల ముఖం మీద సూదులు వాడుతున్నారా, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడుతున్నారా అని ఎందుకు చూడరో నాకర్థం కాదు. ఆ సూదితోనే హెపటైటిస్ బి, సి పాకుతాయి. మీ ముందు కొత్త ప్యాకెట్ చించకపోతే లేచి వచ్చేయండి. డాక్టరు లేకుండా ‘క్లినిక్’ బోర్డు పెట్టినవాళ్ళ మీద జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

పార్లరులో సంతకం పెట్టించుకునే ఫారం గురించి అందరూ భయపడతారు. ‘ఏం జరిగినా మాకు బాధ్యత లేదు’ అని రాసి ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యానికి మాఫీ రాదు. ఆ షరతునే అన్యాయపు ఒప్పందమని సవాలు చేయాలంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. సేవాలోపానికి పరిహారం అడగడానికి జిల్లా కమిషన్ చాలు. అసలైన ఒప్పందం ఆ ఫారం కూడా కాదు. రంగు వేయకముందు పెన్సిలుతో మీ ముఖం మీద గీసి ‘ఇలా వస్తుంది, సరేనా’ అని అడుగుతారే, ఆ గీతే మీ ఒప్పందం. మీ ఫోన్‌తో దాన్ని ఫొటో తీసుకోండి. రంగు సీసా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా తీయండి. డబ్బు దుకాణం పేరున్న ఖాతాకే కట్టండి. రివ్యూ రెండు నెలల తర్వాత పెట్టండి. డబ్బు వెనక్కిస్తామని పిలిచి ‘నాకు ఇక ఏ అభ్యంతరమూ లేదు’ అన్న కాగితం ముందు పెడితే, ఎవరికైనా చూపించకుండా సంతకం చేయకండి.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఒకమ్మాయి గుంటూరు నుంచి ఫోన్ చేసింది. చేయించుకుని తొమ్మిది వారాలు. కుడివైపు పైకి ఉంది, పార్లరువాళ్ళు నాలుగింటికి ఫ్రీ టచప్‌కు రమ్మన్నారు, వెళ్ళనా మేడం అంది. వద్దమ్మా, ముందు ఆసుపత్రికి వెళ్ళు అన్నాను. విసుక్కుంది. పెళ్ళిచూపులు దగ్గర పడ్డాయట. మళ్ళీ చెప్పాను. సోమవారం సాయంత్రం వాట్సాప్‌లో ఓపీ చీటీ ఫొటో పంపింది. కుడి కనుబొమ ఎడమదానికంటే 4 మిల్లీమీటర్లు ఎత్తు, నీలిరంగు, ఇంతవరకు దిద్దుబాటు చికిత్స జరగలేదు అని డాక్టరు రాసి సంతకం చేశారు. నోటీసు నిన్న స్పీడ్ పోస్టులో పంపించాను.