అల్పపీడనమే కదా అనుకున్నాం

మాది నిజాంసాగర్ దగ్గర. తుఫాను అంటే కోస్తావాళ్ల సమస్య అనుకునేవాణ్ణి. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మా కామారెడ్డి జిల్లా మునిగింది. అర్గొండలో 24 గంటల్లో 40 సెంటీమీటర్లు దాటింది. 1931లో పూర్తయిన మా డ్యాం గేట్లు ఎత్తారు. వచ్చింది తుఫాను కూడా కాదు, బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం!

మరి తుఫాన్లు పెరుగుతున్నాయా? ప్రపంచం మొత్తమ్మీద సంఖ్య పెరిగిందని చెప్పలేం. శాటిలైట్లు లేని రోజుల్లో నడిసముద్రంలో పుట్టి పోయినవి ఎన్నో రికార్డుకే ఎక్కలేదు. లాగ్ ఫైల్‌లో లేదంటే ఎర్రర్ రాలేదని కాదుగా! కానీ గత నలభై ఏళ్లలో వచ్చినవాటిలో బలమైనవాటి వాటా పెరిగింది. అరేబియా సముద్రంలోనైతే సంఖ్య కూడా పెరిగింది.

మనకు ముఖ్యమైంది వాన. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది. తీరం దాటాక ఈదురుగాలి నీరసపడుతుంది, ఆ తేమ మాత్రం మంజీర దాకా వస్తుంది. ఆగస్టు వానకు వేడి ఒక్కటే కారణమని నేననట్లేదు.

"ఇగ ఏటా గిట్లనేనారా?" అని తాత అడిగిండు.

"ఏటా రాదు తాతా. వచ్చినప్పుడు మాత్రం నీళ్లు ఎక్కువ తెస్తది."